మిగతా 48 ముక్కలు

2015 జూలై 4, శనివారం. తెల్లారగట్ల అయిదింటికే బావ కారు మా ఇంటి ముందు ఆగింది. వెనక సీట్లో అక్క సర్దిన పులిహోర డబ్బాలు రెండు, పెరుగన్నం ఒకటి, ఐస్ పెట్టెలో మజ్జిగ సీసాలు. కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్ నుంచి లాస్‌వేగాస్‌కి దగ్గర దగ్గర తొమ్మిది గంటల ప్రయాణం. విమానంలో అయితే గంటన్నర. కానీ బావకి రోడ్డు మీద వెళ్ళడమే ఇష్టం. "దిగంగానే ఆటలో కూర్చోకూడదురా, దారిలో నీ తల కాస్త ఖాళీ అవ్వాలి" అన్నాడు.

నేను వెళ్తోంది వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌కి. 1970లో బెన్నీ బినియన్ అనే కాసినో యజమాని తన హార్స్‌షూలో కొద్దిమంది ఆటగాళ్ళని పోగేసి మొదలుపెట్టిన పేకాట పోటీ అది. మొదటి ఏడాది విజేతని ఓట్లు వేసి ఎన్నుకున్నారు. జానీ మాస్ గెలిచాడు. ఇప్పుడు అదే పోటీ ప్రతి వేసవిలో వారాల తరబడి, పదుల కొద్దీ ఈవెంట్లతో జరుగుతుంది. చివర్లో వచ్చేది మెయిన్ ఈవెంట్. ప్రవేశ రుసుము 1972 నుంచీ మారలేదు, 10,000 డాలర్లు. అంత డబ్బు చేతి నుంచి పెట్టి ఆడే మనిషిని కాదు నేను. కానీ నాలాంటివాళ్ళకి శాటిలైట్లు అనే దారి ఒకటుంది. వెయ్యి డాలర్ల పైచిలుకు కట్టి చిన్న పోటీ ఆడితే, పదిమందికి ఒకరు చొప్పున మెయిన్ ఈవెంట్ సీటు దక్కుతుంది. ఆ వెయ్యీ రెండేళ్ళుగా విడిగా దాచినది. అది పోతే మర్నాడే తిరిగొచ్చేద్దామని ఇంట్లో మాట ఇచ్చాను.

2003లో టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో 86 డాలర్ల శాటిలైట్ ఆడి సీటు తెచ్చుకుని, 839 మంది ఆడిన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆయన ఇంటిపేరు నిజంగానే మనీమేకర్. మూడేళ్ళు తిరిగేసరికి, 2006లో, ఆడేవాళ్ళు 8,773 మంది అయ్యారు. నాలాంటి ఉద్యోగస్తులందరికీ ఆశ పుట్టించింది ఆ ఒక్క మనిషే.

నాకు ముక్కలు నేర్పింది మాత్రం నాన్న. ఆకివీడు దగ్గర మా ఊరు. నాన్న లెక్కల మాస్టారు. సంక్రాంతి మూడు రోజులూ మా అరుగు మీద చాప పరిచి రమ్మీ ఆడేవారు. కౌంటుకి పైసా, మహా అయితే అయిదు పైసలు. అంతకు మించి ఎవరైనా అంటే చాప చుట్టేసేవారు. దానికి కారణం ఉంది. అమ్మ వాళ్ళ అన్నయ్య, అంటే మా పెద్ద మావయ్య, మూడుముక్కలాటలో మూడెకరాల చెరువు పొలం పోగొట్టుకున్నాడు. అందుకే పేక అనే మాట వింటేనే అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాన్న మాత్రం రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పిందనీ, అది మన ఆంధ్రప్రదేశ్ కేసేననీ అమ్మకి వినపడేలా అనేవారు. అమ్మ పలికేది కాదు. మావయ్య పొలం గట్టు మీదుగానే కదా మేం బడికి వెళ్ళేది.

నాన్న నేర్పింది రెండే విషయాలు. ఒకటి, డ్రాప్. పదమూడు ముక్కల రమ్మీలో పంచగానే చేతిలో ఏమీ లేకపోతే మొదట్లోనే పడేస్తే 20 పోతాయి, మధ్యలో పడేస్తే 40, చివరిదాకా పట్టుకు కూర్చుని దొరికిపోతే 80. "బాగోలేని చెయ్యి రావడం తప్పు కాదబ్బాయ్, దాన్ని పట్టుకు వేలాడటమే తప్పు" అనేవారు. రెండోది, ఎదుటివాడి మొహం కాదు, చెయ్యి చూడమని. "మొహం అందరూ దాచుకుంటారు. మంచి ముక్క పడ్డప్పుడు చెయ్యే వణుకుతుంది."

నేను బయల్దేరే ముందు, ఊరు వెళ్ళొచ్చిన స్నేహితుడి చేత నాన్న ఒక చిన్న పొట్లం పంపారు. విప్పితే చిల్లుకాణీ. యుద్ధం రోజుల్లో రాగి కరువై మధ్యలో చిల్లు పెట్టి పోసిన కాణీలు అవి, 1943 నుంచి 47 దాకా వచ్చాయి. నాన్న దగ్గరున్నది తాతయ్యది. మా అరుగు మీద ఆటలో జోకరు ముక్క గాలికి ఎగిరిపోకుండా దాని మీద పెట్టేవారు. పోకర్లో మన ముక్కలు పొరపాటున పంచే డీలర్ లాగేసుకోకుండా వాటి మీద ఏదో ఒకటి పెట్టుకుంటారని నేనెప్పుడో ఫోన్లో చెప్పానట. నాకు గుర్తే లేదు. ఆయనకి గుర్తుంది.

దారంతా ఎండ. టెహాచపీ కొండల మీద గాలిమరలు దాటి, మోహావే ఎడారిలో పడి, బార్‌స్టో దాటాక బేకర్ అనే చిన్న ఊళ్ళో ఆగాం. అక్కడ 134 అడుగుల థర్మామీటర్ ఉంటుంది, ప్రపంచంలోకెల్లా ఎత్తయినది. దగ్గర్లోని డెత్ వ్యాలీలో 1913లో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైనందుకు గుర్తుగా అంత ఎత్తు కట్టారు. దాని నీడలో కారు పెట్టుకుని మజ్జిగ తాగాం. బావ పోకర్ ఆడడు. కానీ ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు పంచాక బల్ల మీద అందరికీ కలిపి పరిచే మొదటి మూడూ ఫ్లాప్ అనీ, నాలుగోది టర్న్ అనీ, అయిదోది రివర్ అనీ, ఏ చెయ్యి దేన్ని కొడుతుందో ఆ దారిలో మొత్తం చెప్పించుకున్నాడు. వేగాస్ చేరేసరికి, "మూడు రాణులు కంటే వరసగా అయిదు ముక్కలు పెద్దవి, కానీ ఒకే రంగు అయిదుంటే అది ఇంకా పెద్దది, అంతేనా?" అని అడుగుతున్నాడు. ఆ రాత్రి హోటల్ కిటికీలోంచి జూలై నాలుగు బాణసంచా చూస్తూ పెరుగన్నం తిన్నాం.

ఆదివారం శాటిలైట్. దాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎనిమిది గంటలు ఆడాను, రెండు సార్లు పోయేవాణ్ణి, పోలేదు. రాత్రి పదకొండింటికి సీటు వచ్చింది. బావ నన్ను ఎత్తినంత పని చేశాడు.

మెయిన్ ఈవెంట్ మొదటి రోజుని అప్పట్లో మూడుగా పెట్టేవారు, అంతమందికి ఒకేసారి బల్లలు చాలవు కాబట్టి. నాది మూడోది, మంగళవారం, జూలై 7. ఆ రోజుల్లో పోటీ రియో హోటల్లో జరిగేది. బ్రెజిల్ పేర్లతో హాళ్ళు: అమెజాన్, బ్రసీలియా, పక్కన పెవిలియన్. వాటిని కలుపుతూ రైల్వే ప్లాట్‌ఫారం అంత పొడుగు వరండా. ఆ వరండాలో నడుస్తుంటేనే చప్పుడు మొదలవుతుంది. వేలమంది ఒకేసారి చిప్స్, అంటే పందెం బిళ్ళలు, చేతిలో ఆడిస్తుంటే వచ్చే చప్పుడు. మా ఊళ్ళో వర్షాకాలం రాత్రి కీచురాళ్ళు అరిచినట్టే ఉంటుంది. హాల్లోకి అడుగుపెడితే చలి. బయట 40 డిగ్రీలు దాటిన ఎండ, లోపల అందరూ స్వెట్టర్లు, టోపీలు. గోడల మీద పాత విజేతల నిలువెత్తు బొమ్మలు. మనీమేకర్ బొమ్మ కింద ఒక్క నిమిషం నిలబడ్డాను.

ఆ వరండాలోనే ఎవరో "ఏరా, ఎన్నో బల్ల నీది?" అన్నారు తెలుగులో. తిరిగి చూశాను, నన్ను కాదు. డాలస్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు. అయిదు నిమిషాలు మాట్లాడుకుని ఒకరికొకరం మంచి జరగాలని అనుకుని విడిపోయాం. మళ్ళీ కనబడలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి మైకులో "షఫల్ అప్ అండ్ డీల్", అంటే ముక్కలు కలిపి పంచండి, అన్నారు. ఏటా ఆ మాటతోనే మొదలుపెడతారు. ఆ మాట వినగానే నా గొంతు పట్టేసింది. అందరికీ 30,000 చిప్స్. ఒక్కో లెవెల్, అంటే ఆటలో ఒక్కో అంచె, రెండేసి గంటలు. అదే ఈ పోటీ గొప్పతనం. మామూలు పోటీల్లో ఇరవై నిమిషాలకో అరగంటకో బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందేలు, పెరిగిపోయి, నచ్చినా నచ్చకపోయినా తెగించాల్సి వస్తుంది. ఇక్కడ తొందర లేదు. మా అరుగు మీద పండగ ఆట లాగా తీరిగ్గా కూర్చోవచ్చు, మనుషుల్ని చదువుకోవచ్చు. నాకు ఎడమ పక్క ఓహాయో నుంచి వచ్చిన రిటైర్డ్ అగ్నిమాపక ఉద్యోగి. నా చిల్లుకాణీ చూసి దీని విలువెంత అని అడిగాడు. ఏమీ లేదు, మా భాషలో చేతిలో ఏమీ లేదని చెప్పడానికే ఈ నాణెం పేరు వాడతాం అన్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, చిల్లులోంచి దీపాల వైపు చూసి, రెండు వేళ్ళతో పట్టుకుని జాగ్రత్తగా నా ముక్కల మీద పెట్టాడు.

మూడో లెవెల్లో నాకు రెండు రాణులు వచ్చాయి, ఇస్పేటు, ఆటీను. రైజ్ చేశాను. నాకెదురుగా తెల్లగడ్డం పెద్దాయన ఉన్నాడు. నాలుగు గంటల్లో ఆయన ఆడిన చేతులు మూడుకి మించవు. ఆయన మళ్ళీ పెంచాడు. నేను ఇంకా పెంచాను. ఆయన ఒక్క క్షణం ఆగి చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. మొహం రాయిలా ఉంది. కానీ తోసిన చెయ్యి వెనక్కి తీసుకుని బల్ల అంచు మీద పెట్టాడు కదా, ఉంగరం ఉన్న వేలు బల్లకి తగిలి టక టకమంటోంది. ఆయనకే వినపడుతున్నట్టు లేదు. కొత్తవాళ్ళు దాన్ని భయం అనుకుంటారు. నాకు మా అరుగు కనబడింది. ఒక్క ముక్క కోసం కాచుకుని, అది పడగానే వణికే చేతులు ఎన్ని చూశానో. రెండు రాణులు పడెయ్యడం ఎంత కష్టమో ఆడేవాళ్ళకి తెలుసు. కాణీ తీసి ముక్కలు డీలర్ వైపు జరిపాను. పెద్దాయన నా వైపు చూసి, ఏమనుకున్నాడో, తన ముక్కలు తిప్పి చూపించాడు. రెండు ఆసులు.

ఆరూ నలభైకి భోజనాల విరామం, గంటన్నర. క్యాంటీన్ ముందు వందలమంది వరస కట్టారు. బావ కారు పార్కింగ్‌లో ఏసీ వేసి ఉంచాడు. పులిహోర నాలుగోరోజుకి ఇంకా బాగుంది. ఫోన్ చేస్తే అక్కడ ఉదయం ఏడు దాటింది, నాన్న కాఫీ తాగుతున్నారు. రాణుల సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా మొత్తం విన్నారు. చివర్లో, "ఫస్ట్ డ్రాప్ అన్నమాట. ఇరవయ్యే పోయాయి" అన్నారు. ఆయన గొంతులో ఆ సంతోషం, నేను ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నప్పుడు కూడా వినలేదు. వెనక అమ్మ గొంతు. ఫోన్ లాక్కుని "ఎంత పెట్టావురా?" అంది. నిజం చెప్పాను, వెయ్యి డాలర్ల పైన, అదీ విడిగా దాచినదేనని. కాసేపు ఆగి, "ఇంకోసారి పెట్టను అని చెప్పు" అంది. ఈ ఏడాదికి ఇంక పెట్టను అన్నాను. ఆ మాట తప్పలేదు.

అర్ధరాత్రి దాటాక మొదటి రోజు ఆట ముగిసింది. ఎవరి చిప్స్ వాళ్ళే ప్లాస్టిక్ సంచిలో వేసి, మీద పేరూ ఊరూ లెక్కా రాసి సీలు వేయాలి. 46,300. రెండు సార్లు లెక్కపెట్టాను. ఊరు అన్నచోట ఫ్రీమాంట్ అని రాశాను, కానీ రాసేముందు ఆకివీడు అని రాద్దామా అని పెన్ను ఆగింది.

బుధవారం నాకు ఆట లేదు. బావని తీసుకుని పాత వేగాస్ వెళ్ళాను. వీధి పేరు కూడా ఫ్రీమాంటే. బెన్నీ బినియన్ కాసినో ఇంకా ఉంది అక్కడ, బినియన్స్ అనే పేరుతో. 2005 దాకా మెయిన్ ఈవెంట్ చివరి ఘట్టం జరిగింది ఆ గదుల్లోనే. ఇప్పుడు లోపల కప్పు తక్కువ ఎత్తు, తివాచీ పాతబడింది, సిగరెట్ వాసన. అద్దాల పెట్టెలో పది లక్షల డాలర్లు పేర్చి ఉంచారు, దాని ముందు నిలబడితే ఉచితంగా ఫోటో తీసిచ్చేవారు. నేనూ బావా దిగిన ఆ ఫోటో అక్క వాళ్ళ ఫ్రిజ్ మీద చాలా ఏళ్ళు ఉంది. బావ ఆ నోట్ల కట్టల వంక కాకుండా గోడ మీద పాత ఆటగాళ్ళ ఫోటోల వంక చూస్తూ ఉండిపోయాడు. "వీళ్ళంతా మన తాతల్లాగే ఉన్నార్రా" అన్నాడు.

గురువారం, రెండో రోజు. కొత్త బల్ల, కొత్త మనుషులు. మొదటి లెవెల్లో కొంచెం తగ్గాను, 38,000 దగ్గరున్నాను. రెండో లెవెల్ మొదట్లో రెండు రాజులు వచ్చాయి. ఇస్పేటు రాజు, డైమన్ రాజు. రైజ్ చేశాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు మళ్ళీ పెంచాడు, నేను ఇంకా పెంచాను, అతను ఆల్ ఇన్ అన్నాడు, ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశాడన్నమాట. అతని చెయ్యి వణకలేదు. కాల్ అన్నాను, అంటే అంతకీ సై. ముక్కలు తిప్పాం. అతనివి రెండు పదులు, ఆటీను, కళావరు.

లేచి నిలబడ్డాను. ఆల్ ఇన్ అయితే అందరూ నిలబడతారు, ఎందుకో తెలియదు. ఫ్లాప్: నాలుగు, జాకీ, రెండు. టర్న్: ఎనిమిది. ఇంక మిగిలిన 44 ముక్కల్లో అతన్ని గట్టెక్కించేవి రెండే, డైమన్ పది, ఇస్పేటు పది. డీలర్ బల్ల మీద ఒకసారి తట్టి, పై ముక్క పక్కన పెట్టి, తర్వాతి ముక్క తిప్పింది. డైమన్ పది.

అతని దగ్గర చిప్స్ నాకంటే ఎక్కువ. అంటే నా ఆట అయిపోయింది. కుర్రాడు హెడ్‌ఫోన్లు తీసి, లేచి వచ్చి చెయ్యి కలిపాడు. మంచి పిల్లాడు. ఆ ఏడాది డబ్బు వచ్చేది మొదటి వెయ్యిమందికి, తక్కువలో తక్కువ 15,000 డాలర్లు. నేను వెళ్ళేసరికి ఇంకా చాలామంది మిగిలే ఉన్నారు కాబట్టి దాని దరిదాపుల్లో కూడా లేను. కాణీ జేబులో వేసుకుని ఆ పొడుగు వరండాలో నడిచాను. ఏడుపు రాలేదు. కాళ్ళు మాత్రం నావి కానట్టు ఉన్నాయి. తలుపు తోసుకుని బయటికి రాగానే ఎండ ఫెళ్ళున మొహం మీద కొట్టింది. బావ ఏమీ అడగలేదు. మజ్జిగ సీసా మూత తీసి ఇచ్చాడు.

ఇండియాలో తెల్లవారుజాము మూడున్నర. అయినా మొదటి రింగుకే నాన్న ఎత్తారు. చెప్పాను. "ఏ రంగులు?" అన్నారు. నావీ అతనివీ చెప్పాను. "బల్ల మీద పడ్డవి వరసగా చెప్పు." చెప్పాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "సరే, బావని మెల్లిగా నడపమను" అని పెట్టేశారు.

ఆ ఏడాది ఆడింది 6,420 మంది. నవంబరులో చివరి ఆట టీవీలో బావ వాళ్ళింట్లోనే చూశాం. జో మెకీన్ గెలిచాడు, 76 లక్షల డాలర్ల పైన. 2017లో మనవాళ్ళు నిపుణ్ జావా, ఆదిత్య సుశాంత్ ట్యాగ్ టీమ్ ఈవెంట్‌లో కలిసి ఆడి, ఆ పోటీలో విజేతలకిచ్చే బ్రేస్‌లెట్ గెలిచారని నేనే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. మరుసటేడు నికితా లూథర్ గెలిచినప్పుడు మాత్రం ఆయనే నాకు చెప్పారు. ఈలోగా తెలంగాణలో 2017లోనూ, మన దగ్గర 2020లోనూ ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడటం నిషేధించారు. మంచి పనే అన్నారు నాన్న. ఫోన్లో ఆడేవాడికి ఎదుటివాడి చెయ్యి కనబడదు, చాప చుట్టేసేవాడూ ఉండడు అన్నారు. ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఆ ఆటల్లో పడి అప్పులపాలైన కుర్రాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు.

నాన్న 2021లో పోయారు. మరుసటేడు సంవత్సరీకానికి నేనూ, అక్కా, బావా అందరం ఊరు వెళ్ళాం. మెయిన్ ఈవెంట్ రియో నుంచి వేరే హోటళ్ళకి మారిపోయింది కూడా ఆ ఏడే. నాన్న ఇనుప బీరువా సర్దుతుంటే పాత స్కూలు నోటు పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీలో 2015 జూలై, నా ముక్కలు, కుర్రాడి ముక్కలు, రంగులతో సహా. కింద రెండు వరసలు: "అబ్బాయి", "ఎదుటివాడు". ఒక్కో వరసలో నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత, అయిదేసి కట్టలుగా. నా రెండు రాజులూ, అతని రెండు పదులూ తీసి పక్కన పెట్టి, మిగతా 48 ముక్కలు కలిపి, పైనుంచి అయిదు తీసి పరిచి చూడటం. మళ్ళీ కలపడం. మళ్ళీ అయిదు. నాలుగు రోజులు, రోజుకి 50 సార్లు. 38-12. 44-6. 40-10. 41-9. మొత్తం 200కి నావి 163. అతని గీతల్లో కొన్నింటి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో, "పది చివరి ముక్కకి పడ్డవి – 7".

నేను పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. బావ నా భుజం మీంచి చదివాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ నాలుగు రోజులూ అన్నానికి పిలిస్తే లేచేవారు కాదు" అంది. తర్వాత, "పేక కూడా ఆ కింద అరలోనే ఉంది, చూడండి" అంది.

పేజీ అడుగున ఖాళీ ఉంది. అరుగు మీద చాప పరిచాం. గాలిగా ఉంటే పరిచిన ముక్కల మీద కాణీ పెట్టాను. బావ కలుపుతుంటే నేను తీశాను, యాభై సార్లు. అక్క గీతలు గీసింది. 39-11.